రెండంగుళాల రాజసం

థార్ కొన్నవాడికి నెల తిరక్కుండానే ఒక దిగులు పట్టుకుంటుంది: సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన థార్ తనదానికంటే ఎత్తుగా ఉందని. కంపెనీ 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఇచ్చింది. స్పీడ్‌బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మన కాలనీల్లో ఆ లెక్క ఎవరూ చూసి కట్టరనుకోండి, అయినా గచ్చిబౌలికీ మాదాపూర్‌కూ మధ్య ఆ బండి కడుపుకి తగిలే బండరాయి ఇంకా మొలవలేదు. అయినా ఎత్తు చాలదు. బాడీ లిఫ్ట్‌కి ముహూర్తం పెట్టాల్సిందే. అదీ ఇంట్లోనే, సెల్లార్‌లోనే, ఒక్క ఆదివారంలోనే!

థార్, జిప్సీ, బొలేరోలకు కింద ఛాసిస్, దాని మీద రబ్బరు బుష్షులు వేసి బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. ఆ రెంటి నడుమ రెండంగుళాల దిమ్మలు దూర్చి, పొడుగు బోల్టులు వేస్తే పని అయిపోయినట్టే. లేచేది బాడీ ఒక్కటే. ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది. గేర్‌బాక్సూ, ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియలూ అంతే. నిన్న తగిలిన రాయి రేపూ అక్కడే తగులుతుంది. ఆ చప్పుడు వినే మనిషి మాత్రం రెండంగుళాలు ఎత్తున కూర్చుని వింటాడు. పైన పటారం, లోన లొటారం అన్న పెద్దలు ఏ బండి కింద దూరి చూసి అన్నారో!

పెద్ద టైర్లకు చోటు దొరుకుతుంది కదా అంటారు. నిజమే. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు ఒక అంగుళం లేస్తుంది. దాంతోపాటు మైలేజీ దిగుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది.

ఇక ఆ ఆదివారం. అమెరికాలో చవగ్గా కానిచ్చేవాళ్ళు ఐస్ హాకీ ఆడే గట్టి రబ్బరు బిళ్ళల్నే దిమ్మలుగా వాడిన సందర్భాలున్నాయి. మనకంత ఖర్మేమిటి, లేత్ షాపులో నైలాన్ కడ్డీ కోయించుకుంటాం. జాకీ మీద చెక్క పెట్టి బాడీని ఒకపక్క లేపబోతే, బిగుసుకుపోయిన బోల్టు నట్టుతో సహా గిర్రున తిరుగుతుంది. నట్టేమో ఫ్లోర్ లోపల, చెయ్యి పట్టని చోట. మధ్యాహ్నానికి గ్రైండర్ కోసం వెతుకులాట. ఎలాగో బాడీ లేచిందనుకుంటే, స్టీరింగ్ షాఫ్టు సాగి నిలబడుతుంది. డీజిల్ పోసే గొట్టం బిర్రబిగుస్తుంది. బాడీతో పాటు రేడియేటర్ లేచే బళ్ళలో, ఇంజన్‌కున్న ఫ్యాను కిందే ఉండిపోయి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ డొప్పను టకటకా కొరుకుతుంది. ఎర్త్ వైరు తెగితే తాళం తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. ఛాసిస్‌కి బిగించిన బంపర్ కిందే ఉండిపోవడంతో, గ్రిల్లుకీ దానికీ మధ్య పిల్లి దూరేంత సందు. దాన్ని కప్పడానికి రేకు కోసం మళ్ళీ లేత్ షాపు. అప్పటికి ఆదివారాలు ఎన్ని పోయాయో ఇంట్లోవాళ్ళకే తెలుసు. వాళ్ళలో అమ్మమ్మకి ఇప్పుడు బండెక్కాలంటే పీట కావాలి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఆ ఏడాది సవరణతో మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దిమ్మలు ఒకటి, టైర్లు రెండు, బంపర్ మూడు అని ఎవరైనా లెక్కపెడితే మనవాడి ఎత్తు కాస్త తగ్గొచ్చు. కానీ ట్రాఫిక్ పోలీసు బండి కింద దూరడు కదా అని ధైర్యం. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు దూరతాడు.

మూడేళ్ళకు బండి అమ్మకానికి పెడతాడు. దిమ్మలు తీసేసి, పాత బోల్టులు బిగించి, ప్రకటన రాస్తాడు: కంపెనీ కండిషన్, ఎలాంటి మార్పులూ చెయ్యలేదు, ఆఫ్‌రోడ్‌కి ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. ఆ చివరి ముక్క మాత్రం అక్షరాలా నిజం.