కండరసంజీవని: ఒక విజ్ఞప్తికి టీకా తాత్పర్యం

అవతారిక. ఆఫీసు కింది అంతస్తులో, లిఫ్టు తలుపు పక్కన, ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగు మూలలా టేపు వేసిన ఒక గ్రంథం వెలసింది. గ్రంథకర్త నామధేయం యాజమాన్యం. కాలనిర్ణయం కష్టం; తేదీ ఉండవలసిన చోట టేపు ఉంది. శైలిని బట్టి చూస్తే కవిగారు ఇంగ్లీషులో ఆలోచించి, సంస్కృతంలో రాసి, తెలుగులో ప్రత్యయాలు మాత్రం తగిలించినట్టున్నారు. ఇంతటి ప్రౌఢరచన టీక లేక దిక్కులేనిదై గోడకు వేలాడుతుంటే చూడలేక ఈ పనికి పూనుకున్నాను. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి, కాళిదాసుకు సంజీవనీ వ్యాఖ్య రాశాడు. నేను అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు.

మూలం. “దీర్ఘకాల ఉపవేశన జనిత కండర దృఢత్వ నివారణార్థము సిబ్బంది యావన్మందియు ప్రతి ముప్పది నిమిషములకు ఒకసారి లేచి నిలబడవలెను. నొప్పి అధికముగా ఉన్నచో తగు లేపనము వాడవలెను. సదా చిరునవ్వుతో పని చేయవలెను. ఇట్లు, యాజమాన్యము.”

ప్రతిపదార్థం. ‘ప్రతి’ మొదలు ‘ఒకసారి’ వరకు సుగమం. మొదటి సమాసాన్ని మాత్రం దాటి పోలేం. దాన్ని ఒక్క ఊపిరిలో చదవాలంటే ఎలాగూ లేచి నిలబడాల్సిందే. కండర దృఢత్వాన్ని నివారించాలట. కండలు దృఢం కావాలని లోకమంతా జిమ్ములకు డబ్బు కడుతుంటే ఈ కవి ఒక్కడే వద్దంటున్నాడు. మెడ పట్టేసింది, నడుం పట్టుకుంది, పిక్కలు పీకుతున్నాయి అని ఇంటింటా వినబడే మాటలు ఆయన చెవిన పడలేదు. పడినా, నీచపాత్రల భాష కదా అని విడిచిపెట్టి ఉంటాడు.

సమాసం సంగతి ఎలా ఉన్నా లోపలి విషయం అబద్ధం కాదు. కదలకుండా ఉన్న కండరంలో తంతువుల మధ్య చిన్న చిన్న బంధాలు ఏర్పడి అది బిగుస్తుంది; నాలుగుసార్లు కదిలిస్తే ఆ బంధాలు తెగి వదులవుతుంది. పొద్దున్నే మంచం దిగిన మనిషి మొదటి పది అడుగులు ఒకలాగా, పదకొండో అడుగు మరోలాగా వేయడానికి ఇదీ ఒక కారణం. ఐదు కిలోల తలకాయను ముందుకు వంచి పొద్దుగూకులూ తెర వైపు చూస్తే, వెనక ఆ బరువును లాగిపట్టుకున్న మెడకండరాలు సాయంత్రానికి మొరపెట్టుకోవడం న్యాయమే.

పూర్వపక్షం. నెలకోసారి వచ్చి అందరిచేతా చేతులు పైకెత్తించే వెల్‌నెస్ కోచ్‌గారు ఇక్కడ అడ్డుతగులుతారు. ఒళ్ళు నొప్పులకు మూలం లాక్టిక్ ఆమ్లమట, అది కండరాల్లో పేరుకుపోతుందట, సాగదీస్తే కరిగి పోతుందట. దీనికి సమాధానం అలిపిరిలో ఉంది. అక్కడినుంచి తిరుమలకు 3550 మెట్లు. ఎక్కుతున్నప్పుడు తొడలు మండుతాయి, ఊపిరి అందదు. పైకి చేరి కాసేపు కూలబడితే ఆ మంట పోతుంది. శ్రమతో పెరిగిన లాక్టేటు గంటసేపట్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. అసలు నొప్పి మర్నాడు మొదలవుతుంది, రెండో రోజో మూడో రోజో ముదురుతుంది, కుర్చీలో కూర్చోవడాన్ని కూడా యోగాసనంగా మార్చేస్తుంది. కారణం నిన్ననే గతించి కార్యం ఇవాళ పుట్టడాన్ని ఏ తార్కికుడూ ఒప్పుకోడు.

సిద్ధాంతం. అలవాటు లేని పని, అందులోనూ కండరం సాగుతూ బరువు మోసే పని, తంతువులను సూక్ష్మంగా దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ తర్వాత సాగే వాపూ మరమ్మతూ కలిసి మనల్ని మూలుగిస్తాయి. అందుకే తొడలకు ఎక్కడం కంటే దిగడం చేటు. కాలినడకన ఎక్కి బస్సులో దిగిన భక్తుడు పుణ్యాన్నీ తొడలనూ కూడా దక్కించుకుంటాడు. సాగదీయడం వల్ల, శ్రమకు ముందు చేసినా తర్వాత చేసినా, మర్నాటి నొప్పి తగ్గేది నామమాత్రమేనని పరిశోధనలన్నీ పోగేసి చూసినవారు తేల్చారు. మెల్లగా నడవడం, వేడినీళ్ళు, కాపడం, నిద్ర, రెండు మూడు రోజుల ఓపిక, పనికొచ్చేవి ఇవే. కొద్ది రోజుల్లో అదే పని మళ్ళీ చేస్తే నొప్పి ముందంత ఉండదు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వావిలాకు మరిగించిన నీళ్ళు పోసి పడుకోబెట్టింది వేడినీళ్ళూ ఓపికా అనే ఈ పద్ధతిలోనే. కోచ్‌గారికి ఇది తెలియక కాదు. ఓపికకు స్లైడులు వేయలేరు, గంటకింత అని ఫీజూ తీసుకోలేరు.

‘నిలబడవలెను’ అన్న విధి గురించి విచారించాల్సింది చాలా ఉంది. అది కాసేపు నిలబడే ఉండనివ్వండి. నా మనసంతా రెండో వాక్యంలోని లేపనం మీద ఉంది.

‘తగు లేపనము’. 1893లో, బొంబాయిలో, కృష్ణాజిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఒక పసుపుపచ్చ లేపనం తయారుచేసి అమృతాంజనం అని పేరుపెట్టారు. జనానికి అలవాటు చేయడానికి సంగీతకచేరీల్లో ఉచితంగా పంచేవారు. కచేరీ పుట్టించే తలనొప్పికా, శ్రోత ఇంటినుంచి తెచ్చుకున్నదానికా అన్నది పరిష్కర్తలు తేల్చలేదు. ఆ లేపనం మీద వచ్చిన డబ్బు ఏమైందో చూడండి. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక. 1914లో మద్రాసులో అదే దినపత్రిక. 1924లో భారతి మాసపత్రిక. ఆపైన ఆంధ్ర గ్రంథమాల. అందులో పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర. ఏ ఊళ్ళోనో నడుం పట్టేసిన గుమాస్తా ఒకడు అర్ధరాత్రి రాసుకున్న చిటికెడు లేపనం మద్రాసుకు చేరి సోమనాథుడి ద్విపదగా అచ్చయింది. తెలుగువాడి ఒంటినొప్పులు ఇంతగా పనికొచ్చిన కాలం మరొకటి లేదు. రాజపోషణ పోయాక మన సాహిత్యాన్ని జమీందార్లు కొంత, బడిపిల్లల పాఠ్యపుస్తకాలు కొంత సాకాయని చరిత్రకారులు రాస్తారు. పిక్కలూ మెడలూ నడుములూ చేసిన పోషణను ఎవరూ రాయరు.

పంతులుగారి కథ ఇంకా ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి అక్కడ భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. లేపనకర్తే వ్యాఖ్యాత అయిన చోట, వ్యాఖ్యాతనైన నేను లేపనం దగ్గర ఆగకుండా ఎలా పోగలను? 1937 నవంబరులో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని ఒడంబడిక రాసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. శ్రీబాగ్ అన్న ఆ ఇంటిపేరే ఒప్పందానికి పేరైంది. బిగదీసుకున్న మెడలు కాస్త పక్కకు తిరగడానికి అంతకన్నా తగిన ఇల్లు దొరకదు. ఆ తరానికి నొప్పి అంటే దాని చుట్టూ నాలుగు పనులు పెట్టుకోదగిన వస్తువు. ఈ తరానికి కాగితం మీద ఒక వాక్యం.

అలంకారం. ఈ లేపనాల్లో కర్పూరం, మెంథాల్, వింటర్‌గ్రీన్ నూనె వంటివి ఉంటాయి. మెంథాల్ చర్మాన్నేమీ చల్లబరచదు. చలిని పసిగట్టడానికి నాడుల కొసల్లో ఉన్న గ్రాహకాన్ని తట్టి, చల్లగా ఉందని అబద్ధపు కబురు పంపిస్తుంది. మిరపకాయలోని ఘాటు ఇదే పని వేడి గ్రాహకం దగ్గర చేస్తుంది. ఈ రెండు రహస్యాలనూ బయటపెట్టిన పరిశోధనలకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. కొత్త కబురు గట్టిగా వినబడేసరికి మెదడుకు పాత నొప్పి కాస్త వెనకబడుతుంది. చల్లగా లేనిచోట చల్లదనం తోచింది కనుక ఇది భ్రాంతిమదలంకారం. కాకపోతే ఇక్కడ భ్రమపడేవాడు తెలిసి, డబ్బిచ్చి, హాయిగా భ్రమపడుతున్నాడు. ఆలంకారికులు ఈ భేదం గుర్తించలేదు.

‘తగు’ అన్నచోట కర్త లోపించాడు. ఎవరు కొని ఇవ్వాలి? గ్రంథకర్త మౌనం వహించాడు. మౌనం అర్ధాంగీకారమన్న న్యాయం ఇక్కడ చెల్లదని అకౌంట్స్ వారు నాతో అన్నారు.

ఇక విధి విచారం. ఏ విధికైనా అధికారి ఎవరో, అంటే అది ఎవరికి వర్తిస్తుందో, ముందు తేల్చాలంటారు మీమాంసకులు. ఈ విధిని అందరికంటే ఎక్కువసార్లు చదివినవాడు దాని పక్కనే డ్యూటీ చేసే సెక్యూరిటీ మనిషి. ఆయనది పన్నెండు గంటల డ్యూటీ, నిలబడే. విధి అనేది లేనిదాన్ని చేయమనాలి. ఉన్నదాన్నే చేయమంటే అది ఉత్త అనువాదం, అంటే తెలిసిన మాటనే తిరిగి చెప్పడం. కనుక ఆయన అధికారి కాదు. మూడో అంతస్తులో ఫోన్లెత్తే పిల్లలు కుర్చీలోంచి లేస్తే తెర మీద గడియారం ఎర్రబడుతుంది, నెలాఖరుకు ఆ ఎరుపు జీతంలో తేలుతుంది. చేయడానికి వీలులేనిదాన్ని శాస్త్రం విధించదు. కనుక వాళ్ళూ కారు. కురచ చీపురుతో నడుం వంచి నాలుగంతస్తులూ ఊడ్చే ఆవిడకు కూర్చోవడమే లేదు కాబట్టి ‘ఉపవేశన జనిత’ అన్న విశేషణమే వర్తించదు. నా కుర్చీకి వీపు ఆనే పలక విరిగి చాలాకాలమైంది. ఫిర్యాదు పెడితే ‘పరిష్కరించబడినది’ అని జవాబు వచ్చింది, పలక రాలేదు. నేను లేవడానికి విధి అక్కర్లేదు. చివరికి మిగిలింది మేనేజరుగారు. ఆయన ఎలాగూ రోజంతా బల్లల మధ్య తిరుగుతూనే ఉంటారు. అధికారి లేని విధి ఇది. గోడకోసం గోడమీద రాసింది.

సెక్యూరిటీ ఆయన్ను కూర్చోవచ్చు కదా అని అడిగాను. “కూర్చుంటే ఫోటో తీసి గ్రూపులో పెడతారు సార్. రాత్రికి పిక్కలు రాళ్ళయిపోతాయి, మా ఆవిడ కాపడం పెడుతుంది” అన్నాడు. గంటల తరబడి కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి నిలుస్తుంది, సిరలు ఉబ్బుతాయి. కూర్చున్నవాణ్ణి లేవమనే సుభాషితాలు ఊరూరా ఉన్నాయి. నిలబడ్డవాణ్ణి కూర్చోమనడానికి మాత్రం చట్టం కావలసి వచ్చింది. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కేరళ 2018లో, తమిళనాడు 2021లో రాసిచ్చాయి. చీరల షాపుల్లో ఆడపిల్లలు పొద్దున్నుంచీ నిలబడి, కాళ్ళు వాచి, అడిగి అడిగి తెచ్చుకున్న చట్టాలవి. ఒక ముక్కాలిపీట ఖరీదు ఎంత? ఈ విజ్ఞప్తికి ప్లాస్టిక్ కవరు, టేపు, రంగుల అచ్చు కలిపి ఎంతయింది? వ్యాఖ్యాత కోపగించుకోరాదు. తరువాయి చూద్దాం.

‘సదా చిరునవ్వుతో’: సుగమం. ముఖకండరాల నొప్పికి తగు లేపనమేదో గ్రంథకర్త మలిముద్రణలో సెలవియ్యగలరు.

పాఠాంతరం. ప్లాస్టిక్ కవరు మీద, మొదటి వాక్యం కింద, నీలి పెన్నుతో ‘స్టూలు ఎప్పుడిస్తారు’ అని ఒక అధికపాఠం ఉంది. లేఖకుడెవరో తెలియదు. ఫెసిలిటీస్ వారు దీన్ని ప్రక్షిప్తంగా నిర్ణయించి స్పిరిటుతో తుడిపించారు. మర్నాటికి అదే చోట, అవే అక్షరాలు, కాస్త లావుగా మళ్ళీ కనబడ్డాయి. రెండు ప్రతుల్లోనూ భేదం లేదు కనుక పాఠం స్థిరం. సమాసం లేదు, ‘వలెను’ లేదు, చదివినవాడికల్లా అర్థమవుతోంది. ఈ దోషాల వల్ల ఇది యాజమాన్యకృతం కాదని ఒప్పుకోక తప్పదు. అయినా ఈ మాటలనే మూలంగా గ్రహించి, చుట్టూ ఉన్నదాన్ని ప్రక్షిప్తంగా భావించవలసిందని పండితులకు మనవి.