ఉట్టి చాయ్ చాలు వదినా

నిర్మల్‌లో కాపురం ఉన్నవాళ్లకు చుట్టాలు రారు, తగులుతారు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. కుంటాల జలపాతం చూడబోయేవాళ్లు, కడెం గేట్లు ఎత్తారని విని బయల్దేరినవాళ్లు, అడెల్లి పోచమ్మకు మొక్కున్నవాళ్లు, అందరికీ మా ఇల్లు మధ్యలోనే పడుతుంది. పిల్లలకు బాసరలో అక్షరాభ్యాసం చేయించాలంటే హైదరాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా దగ్గరి దారి ఉంది. గుడి ఉన్న ఊళ్లోనే రైలు స్టేషన్ కూడా ఉంది. మా చుట్టాలకు మాత్రం ఆ దారీ, ఆ రైలూ ఎన్నడూ యాదికి రావు.

మర్యాద తెలిసిన మనుషులే, చెప్పకుండా రారు. దారిలోంచి ఫోన్ చేస్తారు.

"వదినా, ఏం పెట్టుకోకు. మేం దారిల తినే వస్తున్నం. ఉట్టి చాయ్ చాలు, నిలబడి తాగి పోతం."

ఈ మాటల్లో నిజమైనది 'వదినా' ఒక్కటే. వీళ్లను ఉట్టి చాయ్ తాగించి పంపితే, ఆ సంగతి కప్పులు కడిగేలోపు కోరుట్ల చేరుతుంది. కోరుట్ల నా పుట్టిల్లు. అంటే నేరుగా మా అవ్వ చెవిలో పడుతుంది. అందుకే నేను "అయ్యో, అట్లెట్ల" లాంటి మాటలతో టైము పాడు చేసుకోను. ఒకటే అడుగుతాను: "యాడిదాంక వచ్చిన్రు?"

వదినకు ఎంత ఆరాటమో అని వాళ్లు మురిసిపోతారు. నేను అక్కడ వంట నిర్ణయిస్తున్నాను. కామారెడ్డి అన్నారంటే సర్వపిండి. గంటన్నర చేతిలో ఉంది కాబట్టి శెనగపప్పు నానుతుంది. ఆర్మూర్ అంటే, అదీ వానకాలమైతే, మక్క గారెలు. సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కినం అంటే మరమరాలే గతి: ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పుట్నాల పొడి, ఇంత నిమ్మకాయ పిండి కలిపేస్తే పని అయిపోతుంది. గేటు ముందు నిలబడి ఫోన్ చేసే మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్లకు ముందుగా మా ఆయన్ను వడ్డిస్తాను. 2016 అక్టోబర్ 11న నిర్మల్ జిల్లా అయినప్పుడు ఊళ్లో ఏమేం జరిగిందో ఆయన దసరా పొద్దుగాల నుంచి మొదలుపెట్టి చెబుతారు. అది మధ్యాహ్నానికి చేరేసరికి నా పొయ్యి మీద ఏదో ఒకటి అయి ఉంటుంది.

బొబ్బర్ల గుడాలకు మాత్రం రాత్రే నానబోయాలి. ముందురోజే చెప్పి వచ్చే చుట్టం మా ఇంటా వంటా ఒక్కరే, పెద్దబావగారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన వస్తే గుడాలు, పోపులో రెండు ఎండుమిరపకాయలు ఎక్కువ.

ఇక సర్వపిండి. సర్వపిండి సులువని చెప్పేవాళ్లు రెండు రకాలు. చేసి చేసి వేళ్లు మొద్దుబారినవాళ్లు ఒకరు, జన్మలో ముట్టనివాళ్లు ఇంకొకరు. మా ఆయన రెండో రకం. "పిండి కలుపుడు, ఒత్తుడు, పొయ్యి మీద పెట్టుడు. గంతే గదా" అంటారు. వినడానికి గంతే. రెండు గ్లాసుల బియ్యప్పిండికి గుప్పెడు పల్లీలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యాలి. నువ్వులు, నానిన శెనగపప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఎల్లిపాయతో కలిపి నూరిన కారం, కల్యామాకు, కొత్తిమీర, ఉప్పు. నీళ్లు తక్కువైతే పిండి పగుళ్లిస్తుంది, ఎక్కువైతే గిన్నె గోడ మీద నిలవక అడుగుకు జారుతుంది. సర్వ లోపలంతా నూనె రాసి, ముద్దను అడుగున పెట్టి, ముందు అరచేత్తో, తర్వాత వేలికొసలతో గోడలు ఎక్కేదాకా పల్చగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడ బొక్కలు పొడిచి ఒక్కో బొక్కలో చుక్క నూనె. మూత పెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. తిరగేసే పని లేదు. కింద కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి. గోడకు అంటుకుని ఎర్రగా కాలిన అంచు కోసం మా ఇంట్లో పెద్ద మనుషులు కూడా చిన్నపిల్లల మాటలు మాట్లాడుతారు.

ఇదంతా మొదటిదాని కథ. అసలు సంగతి రెండోది ఒత్తేటప్పుడు తెలుస్తుంది. సర్వ సలసలా కాలి ఉంటుంది, అందులో చెయ్యి పెట్టి పిండి ఒత్తేది ఎట్లా? సర్వను బోర్లించి నల్లా కింద పెడితే సుయ్యిమని ఆవిరి లేచి కళ్లద్దాలు మసకబారుతాయి. అది చల్లారాలి, తుడవాలి, మళ్లీ నూనె రాయాలి. కారులో ఆరుగురు దిగారంటే, మొదటి ముక్క తిన్నాయనకు రెండోది అందేసరికి మళ్లీ ఆకలి పుడుతుంది. పెండ్లి సామానులో మా అవ్వ ఒకే కొలతవి రెండు సర్వలు ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. ఒకటి పొయ్యి మీద, ఒకటి నల్లా కింద. మా మరిది బిడ్డ ఒకసారి "నాన్‌స్టిక్ పెంక మీద చేస్తే అల్కగ అయితది గద పెద్దమ్మా" అన్నది. అవుతుంది. అంచు రాదు. అంచు లేని సర్వపిండి తినడానికి రెండు వందల కిలోమీటర్లు రావడమెందుకు, మేడ్చల్ దాటకుండానే తినొచ్చు.

మక్క గారెల్లో కష్టమంతా కంకులు కొనేటప్పుడే. గింజను గోరుతో గిచ్చితే పాలు చిందాలి. మరీ లేతవైతే పిండి పలచనై కడాయిలో నూనె తాగుతాయి, ముదిరినవైతే గారె గట్టిపడి పంటికి పని చెబుతుంది. అల్లం, పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ, జీలకర్ర వేసి చుక్క నీళ్లు పొయ్యకుండా బరకగా రుబ్బితే చాలు.

ఇవన్నీ చెప్పాను గానీ, నా లెక్కలో చిరుతిండి అన్నది తొక్కును నోటిదాకా మోసుకుపోయే బండి. సర్వపిండి బాగా కుదిరిందంటే తొక్కు బాగా ఎక్కువగా పోయిందని అర్థం. గారె మిగిలి తొక్కు అయిపోవడం మా ఇంట్లో మామూలే. తొక్కు మిగిలి గారె అయిపోవడం నేనెన్నడూ చూడలేదు. అట్లా జరిగినా ఫర్వాలేదు, జొన్నరొట్టె ఉంది, అన్నం ఉంది, ఏమీ లేకపోతే చూపుడువేలు ఉంది.

పల్లి తొక్కుకు పల్లీలు సన్నమంట మీద వేయించి, నలిచి, పొట్టు చెరిగెయ్యాలి. పచ్చిమిరపకాయలు ఇంత నూనెలో మూతపెట్టి మగ్గబెట్టాలి. మూత తీయగానే ముందర్రలో కూర్చున్న చుట్టం దగ్గితే మిరపకాయ మంచిదని అర్థం. దగ్గకపోతే ఇంకో రెండు వేస్తాను. చింతపండు, ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు వేసి రోట్లో దంచితే పల్లీ పలుకు పంటికి తగులుతుంది. మిక్సీ ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. అందుకే మిక్సీలోనైతే ఒకటి రెండుసార్లు ఊరికే తిప్పి ఆపెయ్యాలి. మా అత్తమ్మ పీట మీద కూర్చుని వేలితో ఇంత తీసి నాలుకకు రాసుకుని "ఉప్పు" అంటుంది. ఎక్కువైందో తక్కువైందో చెప్పదు. ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాటను ఆమె ముఖం చూసి అర్థం చేసుకుంటున్నాను.

చింతపండు అంటే యాదికొచ్చింది. మా ఊళ్లో చింతకాయలో ఏదీ వృథా పోదు. గుజ్జు తొక్కులోకి, గింజ బొమ్మలోకి. నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రతో బొమ్మ చెక్కుతారు. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించిన బంకలో రంపపుపొట్టు కలిపి అతుకులు పూడ్చి నున్నగా చేస్తారు. ఆ పైన రంగులు. పండ్లు, కూరగాయలు కూడా చేస్తారు, నిజమైనవే అనిపిస్తాయి. మా షోకేసులో ఒక పళ్లెం నిండా ఉన్నాయి. మా ఆయన చిన్ననాటి దోస్తు ఒకాయన వాటిని చూసి "వదినా, ఇప్పుడు పండ్లు గిట్ల కొయ్యకు, మొహమాటపడకు" అన్నారు. నేను కోస్తానని అనలేదు. అయినా ఆయన చూపు ఆ సీతాఫలం మీంచి కదల్లేదు.

మక్క గారె మీద పల్లి తొక్కు పెట్టుకుని పెద్దబావగారు ప్రతిసారీ ఒక మాటంటారు: "ఇది మన తాతముత్తాతల తిండి బిడ్డా. గిప్పటోళ్లకేం తెలుసు." బావగారికి ఎదురు చెప్పే ఇంటి నుంచి నేను రాలేదు కాబట్టి తల ఊపుతాను. నిజానికి ఆ పళ్లెంలోని మక్కలు, పల్లీలు, మిరపకాయలు మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగిన తర్వాత పోర్చుగీసు ఓడల వెంట మన దేశంలో అడుగుపెట్టాయి. టమాటాదీ అదే ఊరు. అంతకుముందు మన ముత్తాతలు కారానికి మిరియాలతో సరిపెట్టుకున్నారు. అంటే ఇవి కూడా చెప్పాపెట్టకుండా దిగిన చుట్టాలే, నిలబడి చాయ్ తాగి పోతామని వచ్చి ఐదు వందల ఏండ్లుగా మా వంటింట్లోనే ఉంటున్నాయి. నువ్వులు మాత్రం పాతకాపు. పాపం, వాటి మొఖం మీద ఎవరూ "తాతముత్తాతలు" అనరు.

మొన్న ఆగస్టులో మరిది బిడ్డ దోస్తులను వెంటబెట్టుకుని కుంటాలకు పోతూ దిగింది. నలభై అయిదు మీటర్ల పైనుంచి కడెం నీళ్లు దూకుతుంటే చూడాలట. ఉట్నూరు దిక్కు నుంచి వచ్చే చుట్టాలు ఇప్పపువ్వు లడ్డూలు తెస్తారు. హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా ఆకలి తెస్తారు. ఈ పిల్ల మాత్రం ఒక డబ్బా తెచ్చింది. "నాయనమ్మా, హమ్మస్. అరబ్బుల తిండి. దీంట్ల ముంచుకొని తినాలె" అని అత్తమ్మ ముందర పెట్టింది. అత్తమ్మ వేలితో ఇంత తీసి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు చప్పరించింది.

"శెనగ గుడాలే గద ఇవి. పండ్లు లేనోళ్లకని నూరిపెట్టిన్రా?"

పిల్లలు పకపకా నవ్వారు గానీ ముసలామె లెక్క తప్పలేదు. కాబూలీ శెనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, ఎల్లిపాయ, నూనె. మేం గుడాలు ఒక గిన్నెలో, నువ్వుల తొక్కు ఇంకో గిన్నెలో పెట్టుకుని తినేదాన్ని వాళ్లు ఒకే గిన్నెలో వేసి నూరారు. అత్తమ్మకు కింది పండ్లు నాలుగే మిగిలాయి. ఆమె పక్కనున్న పల్లి తొక్కును చెంచాడు తీసి అందులో కలిపింది, సర్వపిండి మెత్తటి వైపు తుంచి అద్దుకుంది, డబ్బా తన దిక్కు జరుపుకుంది. కాసేపటికి "ఇంకింత ఉన్నదా?" అనడిగింది. అంతకుముందు మాత్రం "ఉప్పు" అన్నది.

అప్పటినుంచి మా ఇంట్లో అది కూడా నడుస్తున్నది. రాత్రి నానిన శెనగల్లో చిటికెడు వంటసోడా వేసి, వేలితో నొక్కితే నలిగేంత మెత్తగా ఉడకబెడతాను. నువ్వులు రంగు మారకముందే దించి, ఇంత నూనెతో వెన్నలా అయ్యేదాకా తిప్పుతాను. ఇక్కడ మిక్సీకి అడ్డు చెప్పను, దీనికి పలుకు ఉండొద్దు. బజార్లో ఆ నువ్వుల ముద్ద సీసా ధర చూస్తే నిర్మల్ మార్కెట్లో నువ్వులు అమ్మే రైతు కండ్లు తిరిగి పడిపోతాడు. పైన ఆలివ్ నూనె పొయ్యాలంటారు. నేను ఎండుమిరపకాయ, కల్యామాకు పోపు పెడతాను. అరబ్బులు మా ఇంటికి ఇంకా రాలేదు కాబట్టి గొడవ కాలేదు. వచ్చినా ఆర్మూర్‌లో ఫోన్ చేస్తే మక్క గారెలే పెడతాను.

చుట్టాలు లేచేటప్పుడు మా ఆయనకు ప్రేమ పొంగుతుంది. "ఇగో, జెర తొక్కు డబ్బాల పెట్టియ్యి పిల్లలకు" అంటారు. తొక్కు పోతే మళ్లీ నూరుకుంటాం. స్టీలు డబ్బా పోతే రాదు. "మళ్లొచ్చినప్పుడు తెస్తం వదినా" అంటారు. మళ్లీ వస్తారు, చేతులు ఊపుకుంటూ వస్తారు, ఇంకో డబ్బాతో పోతారు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టబోతే మా ఆయన చుట్టాల ముందే "స్టీలుది లేదా?" అంటారు. ఆయన మంచితనం ఖర్చంతా నా గిన్నెల గూట్లోంచే.

పోయిన ఏడు హైదరాబాద్‌లో మరిది వాళ్ల కొత్తింటి గృహప్రవేశానికి పోయాం. తోడికోడలు ఒక్క నిమిషం ఊపిరాడకుండా తిరుగుతున్నా, నా దగ్గరికి వచ్చి కూర్చుని అటుకుల చుడువా పెట్టింది. పెట్టింది స్టీలు డబ్బాలోంచే. మూత తీసి పక్కన పెట్టినప్పుడు చూశాను: మూత మీద మా అవ్వ పేరు, కింద కోరుట్ల, దాని కింద నా పెండ్లి తేదీ, మిషన్‌తో చెక్కించిన అక్షరాలు అట్లే మెరుస్తున్నాయి. నేను ఆ మూతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతుంటే తోడికోడలు మురిసిపోయింది.

"మంచిగున్నది గద అక్కా? ఎవ్వరిదో పేరు కొట్టిచ్చి ఉన్నది గని, డబ్బా మాత్రం గట్టిది. గిసొంటియి ఇప్పుడు యాడ దొరుకుతున్నయ్?"