పెదవి దాటితే పృథివి దాటుతుంది

మా రోజుల్లో ఓడ ఎక్కడికి పోతుందో కట్టుకున్న భార్యకు కూడా చెప్పేవాళ్లం కాదు. "డ్యూటీ మీద పోతావుండా" అంటే ఆమె ఇంకో మాట అడిగేది కాదు. ఇప్పుడు మా విడవలూరుకు సెలవు మీద వచ్చే కుర్రాడు బస్సు దిగకముందే, వాడిది ఏ యూనిట్టు, ఎక్కడి నుంచి వచ్చాడు, మళ్లీ ఏ తేదీన పోతాడు, అన్నీ ఫోన్లలో ఊరంతా చూసేసి ఉంటుంది. నాకు కడుపు మండే సంగతి ఇదే. ఎవరికి చేదుగా ఉన్నా చెప్పి తీరతాను.

డెబ్బైల్లో నేవీలో చేరి, కొచ్చి సిగ్నల్ స్కూల్లో మోర్స్ నేర్చుకున్నవాణ్ని. అప్పట్లో మాకున్నది హెచ్‌ఎఫ్ వైర్‌లెస్. ఆ తరంగం పైకి పోయి, అయనావరణానికి తగిలి, మళ్లీ కిందికి దిగుతుంది. వేల కిలోమీటర్లు పోవడానికి కారణం అదే, దారిలో ఉన్న ప్రతివాడి చెవినా పడడానికి కారణమూ అదే. పగలు పలికే ఫ్రీక్వెన్సీ రాత్రికి పలకదు. వాతావరణం చెడితే హెడ్‌ఫోన్లలో గరగర తప్ప ఏమీ ఉండదు. సందేశాన్ని కోడ్‌లో పంపినా సరే, అది ఏ దిక్కు నుంచి వస్తోందో శత్రువు యంత్రాలతో పట్టేస్తాడు. పంపడమే మన జాడ చెప్పడం. అందుకే అవసరం లేనిదే మీట మీద వేలు పడేది కాదు. కనుచూపు మేరలో ఉన్న ఓడతో జెండాలతోనో, లైటు మినుకులతోనో మాట్లాడుకునేవాళ్లం. రేడియో సైలెన్స్ అని ఆర్డరు వచ్చిందంటే వినడమే తప్ప పలకడం లేదు. ఆ మౌనమే మమ్మల్ని కాపాడేది.

మాకంటే ముందువాళ్లు ఆ బహిరంగ వైర్‌లెస్‌నే ఆయుధంగా వాడారు. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు పోయి దాగి ఉంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మాత్రం అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేటట్టు వైర్‌లెస్ సందేశాలు నడిపించాడు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ ముంగిట్లోనే మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల వాదనలు వేరువేరు. అది విశాఖకు వచ్చి వెతకడం మాత్రం నిజం. శత్రువు మన మాటలు వింటూనే ఉంటాడని తెలిసి మసలుకున్నవాళ్లు సాధించిన గెలుపు అది.

ఇప్పటి సంగతికి వస్తే, సాధనాల విషయంలో ఈ తరానికి చేతులెత్తి మొక్కుతాను. 2013 ఆగస్టు 30న నౌకాదళం కోసం జీశాట్-7 ఉపగ్రహం నింగికెక్కింది. దాన్నే రుక్మిణి అంటారు. 2,650 కిలోల ఆ బరువును మోసే రాకెట్ అప్పుడు మన దగ్గర లేక, ఎక్కడో దక్షిణ అమెరికాలోని కౌరూకు పంపి ఏరియాన్ రాకెట్ మీద ఎక్కించాల్సి వచ్చింది. మరుసటి ఏడు జరిగిన ట్రోపెక్స్ నౌకాదళ విన్యాసాల్లో అదే రుక్మిణి దాదాపు అరవై నౌకల్నీ డెబ్బై అయిదు విమానాల్నీ ఒక్క వలలో కలిపింది. 2018 డిసెంబరు 19న వాయుసేన కోసం జీశాట్-7ఎ మన శ్రీహరికోట నుంచే పోయింది. సైన్యం కోసం మరో ఉపగ్రహానికి 2023 మార్చిలో రక్షణశాఖ ఒప్పందం చేసుకుంది. 2025 నవంబరు 2న, ఆదివారం సాయంత్రం 5 గంటల 26 నిమిషాలకు, నౌకాదళం జీశాట్-7ఆర్ అని పిలుచుకునే సీఎంఎస్-03 ఎల్‌వీఎం3 రాకెట్ మీద లేచింది. దాని బరువు 4,410 కిలోలు. మన గడ్డ మీద నుంచి అంత బరువైన సమాచార ఉపగ్రహం అంతకుముందు ఎన్నడూ లేవలేదు. పన్నెండేళ్లలో కౌరూ నుంచి శ్రీహరికోటకు వచ్చాం. ఇది చిన్న సంగతి కాదు.

ఈ ఉపగ్రహం భూమధ్యరేఖ పైన 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఓడ అలల మీద ఎంత ఊగినా, గుమ్మటం లోపలి ఆంటెనా తన చూపు దాని మీద నుంచి తిప్పదు. మా హెచ్‌ఎఫ్ లాగా మాట అన్ని దిక్కులకూ చెదిరిపోదు. సన్నటి ధారగా పైకే పోతుంది కాబట్టి సముద్రం మీద ఉన్నవాడు దాన్ని పట్టుకోవడం కష్టం. మాటను ముందే గుప్తలిపిలోకి మార్చి పంపుతారు. దాన్ని విప్పే తాళంచెవుల్ని తరచుగా మారుస్తారు. రొద పెట్టి మాటను ముంచేద్దామని ఎవడైనా చూస్తే, క్షణక్షణానికీ ఫ్రీక్వెన్సీ మార్చి గెంతుతూ పోయే పద్ధతులున్నాయి. నీళ్ల అడుగున ఉన్న జలాంతర్గామికి మాత్రం ఉపగ్రహం మాట అందదు, ఉప్పునీరు దాన్ని మింగేస్తుంది. దానికి అతి తక్కువ ఫ్రీక్వెన్సీ వైర్‌లెస్సే, అంటే వీఎల్‌ఎఫ్, దిక్కు. అందుకే వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో నౌకాదళ వీఎల్‌ఎఫ్ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు.

ఇన్ని కట్టుదిట్టాలున్నాయి కదా, మరి గుట్టు ఎక్కడ జారుతుంది? జారేది ఆకాశంలో కాదు, నేల మీద. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వచ్చిన పూటే కేఏ-శాట్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ దెబ్బతింది. ఉపగ్రహం జోలికి ఎవరూ పోలేదు. నేల మీది మోడెములను వేల సంఖ్యలో పాడు చేశారు. ఎక్కడో జర్మనీలో 5,800 గాలిమరల మీద కూడా దూరం నుంచి ఉండే అదుపు తెగిపోయింది. దొంగకు పైకప్పు ఎక్కే పని లేదు, వాకిలి తెరిచి ఉంటే చాలు.

మన విశాఖలో జరిగింది ఇంకా బాధాకరం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి 'డాల్ఫిన్స్ నోస్' అనే పేరుతో ఆపరేషన్ నడిపి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశాయి. ఫేస్‌బుక్‌లో పరిచయమైన వాళ్లకు నౌకల కదలికలు చేరవేశారన్నది వాళ్ల మీద మోపిన అభియోగం. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాల్లోనూ యుద్ధనౌకల మీదా స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. వేల కోట్లు పోసి, ఏళ్ల తరబడి వందలమంది కష్టపడి పైన కట్టిన కోటకు కింద అరచేతిలోని ఫోను కన్నం పెట్టగలదని తెలిశాక, ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు.

సీఎంఎస్-03 పోయిన సాయంత్రం మా దగ్గరి రామతీర్థం సముద్రపు ఒడ్డున పిలకాయలు దక్షిణం వైపు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. "అందులో ఏం పోతాందో తెలుసారా?" అని అడిగాను. "బాహుబలి రాకెట్ తాతా" అన్నాడొకడు. లోపల ఉన్నది మన ఓడల గొంతు అని చెప్తే కాసేపు విన్నారు. మంచి పిలకాయలే. వాళ్లకు చెప్పేవాళ్లు లేరు, అంతే. రాకెట్‌ను వీడియో తీస్తే తప్పేమీ లేదు, అది దేశమంతా చూడాల్సిన పండగ. కానీ అదే చెయ్యి రేపు రైల్లో పోయే సైనిక బండ్లనూ, రేవు నుంచి కదిలే యుద్ధనౌకనూ తీస్తుంది. తీసి, ఊరూ తేదీ కలిపి లోకానికి పంచుతుంది.

ఒక కుర్రాడు ఎదురు అడిగాడు: "శత్రువుకూ ఉపగ్రహాలు ఉండాయి గదా తాతా, పైనుంచి అన్నీ కనపడతానే ఉంటే మనం దాస్తే ఏంది, దాయకపోతే ఏంది?" అడగాల్సిన ప్రశ్నే. పైనుంచి చూసే కన్ను ఓడ ఒళ్లు చూడగలదు, దాని మనసు చూడలేదు. ఎప్పుడు కదులుతుంది, ఎటు పోతుంది, ఎవరెవరి సెలవులు రద్దయ్యాయి అన్నది ఫొటోలో ఉండదు. అవన్నీ మనుషుల నోళ్లలోంచే పోతాయి. ఒక్కొక్క ముక్కకు విలువ లేదనిపిస్తుంది, కూడబెట్టి చూసేవాడికి మొత్తం బొమ్మ దొరుకుతుంది. టీవీలవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పహల్గాం దాడి తరువాత, 2025 ఏప్రిల్ 26న, బలగాల కదలికల్ని ప్రత్యక్షంగా చూపవద్దని సమాచార ప్రసార శాఖ చెప్పాల్సి వచ్చింది. కార్గిల్, ముంబయి దాడులు, కాందహార్ హైజాక్ అనుభవాలను అందులో గుర్తు చేసింది. మాకు ఇలాంటివి సర్క్యులర్లు రాసి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

మా కడలి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది పరాయి విషయం కాదు. ముఖ్యంగా రక్షణ అవసరాలకు తయారైన జీశాట్-6 ద్వారానే ఇప్పుడు వేట పడవలకు ఇస్రో ట్రాన్స్‌పాండర్లు పనిచేస్తున్నాయి. తుఫాను కబురు పడవకు చేరుతుంది, ఆపదలో పడవ నుంచి కేక ఒడ్డుకు చేరుతుంది. 1989లో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన నాడు సముద్రం మీద ఉన్నవాడికి ఆ భాగ్యం లేదు. సైన్యాన్ని కాచే ఉపగ్రహం మన జాలరుల పట్టపుపాళేలనూ కాస్తోంది. దానికి మనం ఇవ్వగలిగింది డబ్బు కాదు, నోటి అదుపు.

కాబట్టి ఇంట్లో సైనికుడు ఉన్న ప్రతి తల్లికీ, తండ్రికీ, తమ్ముడికీ నేను చెప్పేది ఇదే. వాడు ఏ ఓడ మీద ఉన్నాడో ఫోన్‌లో పెట్టవద్దు. బయలుదేరే తేదీ చుట్టాలకు కూడా చెప్పవద్దు. ముఖం తెలియని స్నేహితురాలు డ్యూటీ సంగతులు అడిగితే, వెంటనే పైఅధికారికి చెప్పమని వాడికి బోధించండి. యూనిఫాం ఫొటో చూసి ఊరు గర్వపడాలని ఉంటే, దాన్ని ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకు తగిలించండి. ఉపగ్రహాన్ని శాస్త్రవేత్తలు చూసుకుంటారు. మన నోటిని మనమే చూసుకోవాలి, ఆ పని ఇస్రో మన తరఫున చెయ్యలేదు.