పాత ఫోర్ బై ఫోర్ పికప్: చెమట పట్టకుండా ఏలుకునే చిట్కాలు

వికారాబాద్, తాండూరు దారుల్లో పాత మహీంద్రా క్యాంపర్ తోలేవాళ్ళకు దేవుడు ఏ లోటూ చేయలేదు. అనంతగిరి ఘాట్, నల్లరేగడి, షాబాద్ బండల దుమ్ము! బండి పాడైతే నెపం నెట్టడానికి ఇన్ని సౌకర్యాలున్న జిల్లా ఇంకోటి లేదు. వాడుకోండి.

1. కొనేటప్పుడు వంగి కింద చూడకండి. నడుం నొప్పి అనండి. కొత్త పెయింటు, పైన వరసగా లైట్లు, ముందు ఇనుప గార్డు ఉంటే చాలు, అడ్వాన్సు ఇచ్చేయండి. అలాంటి గార్డులు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పిందని ఎవరైనా గుర్తుచేస్తే, 'మా బండి అంతకన్నా పాతది' అనండి. ఆ మాట చెల్లదు. అయితేనేం, వాళ్ళు తేల్చుకునేలోపు మీరు సందు తిరిగిపోతారు.

2. ఎత్తు పెంచండి. కమాన్ కట్టలకు దిమ్మెలు పెట్టించి, పెద్ద టైర్లు వేయించండి. బ్రేకు పైపులు, షాకబ్జర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పాతవే ఉండనివ్వండి. షాఫ్ట్ కోణం మారి జాయింట్ క్రాసులు అరుగుతాయి, క్లచ్ వదిలిన ప్రతిసారీ 'టక్' మంటుంది. దానికి మందు పెద్ద స్పీకర్లు. పైగా టైరు పెద్దదైతే మీటరులో కిలోమీటర్లు తక్కువ తిరుగుతాయి, అంటే సర్వీసు ఖర్చు వెనక్కి పోతుంది. ఇక చట్టం అంటారా, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, జైలు కూడా ఉంది. టైర్లు, కమాన్లు, గార్డు అన్నీ కలిపి ఒకే మార్పని వాదించండి. ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్ళే రోజు మాత్రం బావమరిది బండి టైర్లు అరువు తెచ్చుకోండి.

3. ఘాట్ ఎక్కుతుంటే ఇంజను వేడెక్కుతుందా? థర్మోస్టాట్ పీకించేయండి. కూలెంట్ ఎందుకు దండగ, బోరు నీళ్ళు పోయండి. తాండూరుది సున్నపురాయి నేల. ఆ నీళ్ళలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా, గట్టిగా పేరుకుంటుంది. చిన్న చిన్న లీకులు వాటంతటవే మూసుకుపోతాయి. గొట్టాలూ మూసుకుపోతాయి, అది తర్వాతి మాట.

4. ఎయిర్ ఫిల్టర్ జోలికి వెళ్ళకండి. బండల పాలిషింగ్ యూనిట్ల ముందు నుంచి రోజూ పోతే బూడిదరంగు పొర మందంగా పడుతుంది. పడనివ్వండి, వడపోత ఇంకా చిక్కనవుతుంది. నల్లపొగ వస్తే బంకు డీజిల్ బాగాలేదనండి. తెల్లపొగ వస్తే చలి అనండి. నీలిపొగ వస్తే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. అప్పుడు అమ్మకానికి పెట్టి, చీకటి పడ్డాకే చూపించండి.

5. తారురోడ్డు మీద ఫోర్ హెచ్‌లోనే నడపండి. ఈ బండ్లలో సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు, ముందు వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో స్టీరింగ్ బిగుసుకుని టైర్లు కీచుమంటాయి. 'పట్టు అంటే ఇదీ' అని పక్కనున్నవాళ్ళకు చెప్పండి. వాన పడ్డ కంది చేలోకి దిగేటప్పుడు మాత్రం డీజిల్ మిగలాలి కాబట్టి టూ హెచ్‌లోకి మార్చండి. దిగబడగానే యాక్సిలరేటర్ తొక్కి పట్టండి, ఇరుసు మట్టికి ఆనేదాకా వదలకండి. అక్కడితో మీ పని అయిపోయి ట్రాక్టరువాళ్ళ పని మొదలవుతుంది. రైతు కట్టె పట్టుకుని వస్తే, తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది కదన్నా, ఒకసారి చూసి పోదామని వచ్చినం అనండి. నమ్మకపోయినా కోపం కొంత తగ్గుతుంది.

6. ఉస్తాదులను మారుస్తూ ఉండండి. వికారాబాద్‌లో విప్పించిన గేర్‌బాక్స్ తాండూరులో బిగించండి. మొదటాయనకు 'పని పూర్తి కాలేదు', రెండో ఆయనకు 'మొదటాయన చెడగొట్టాడు' అని చెప్తే ఇద్దరికీ సగమే ఇవ్వొచ్చు. మిగిలిపోయిన బోల్టులు డ్యాష్‌బోర్డులో వేసుకోండి, బండి బరువు తగ్గినట్టే.

7. ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే బండి మీ ఇంటి ముందు కదలకుండా నిలబడుతుంది. ఇక డీజిల్ ఖర్చు లేదు, చలానా భయం లేదు, అడిగి తీసుకుపోయే చుట్టాలు లేరు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఆ దిమ్మెలు, ఆ గార్డు అస్సలు విప్పకండి. వాళ్ళు కిలోల లెక్కన కడతారు.