ఘాట్ రోడ్డు కమిటీ వారి మీద ఫిర్యాదు

నేను అమలాపురం కాపురస్తుణ్ణి. కొండల మీద నాకు ఏ విరోధమూ లేదు. అవి మా జోలికి రాలేదు, మేమూ వాటి జోలికి పోలేదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టినవాళ్ళం. ఎక్కడమంటే మాకు ఏటిగట్టు, లేదంటే కొబ్బరిచెట్టు. ఆ చెట్టయినా ఎక్కేది దింపువాళ్ళు. మేం కింద నిలబడి కాయలు లెక్కపెట్టుకుంటాం. ఇంత చదును నేలలో పుట్టి పెరిగిన మా సుపుత్రుడు, తన స్నేహితుల్ని వెంటేసుకుని, శరత్కాలంలో మోటారుసైకిళ్ళ మీద కొండలు తిరిగే కార్యక్రమం ఒకటి తలపెట్టాడు. దాని నిమిత్తం మా వీధి అరుగు వాళ్ళ కమిటీ స్వాధీనంలోకి వెళ్ళింది. తలపెట్టడం దసరాకి ముందే పూర్తయింది. బయల్దేరడమనే చిన్న పని మిగిలి ఉంది.

మొదట లడాఖ్ అన్నారు. ఖార్దుంగ్ లా కనుమ దగ్గర బోర్డు మీద 18,380 అడుగులని రాసి ఉండేదట; సరిగ్గా కొలిస్తే 17,582 అడుగులేనట. ఎనిమిది వందల అడుగులు ఎగేసే సరుకుని అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో గుమ్మం ఎక్కనివ్వరు, వీళ్ళు మాత్రం అక్కడ ఫొటో దిగాలంటారు. తీరా చూస్తే మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారి చలికాలం మంచుకి మూతపడుతుందని తెలిసింది. 2020లో రోహ్‌తాంగ్ కనుమ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు గదా అని ఒకడు వాదించాడు. సొరంగం అవతల ఇంకా కనుమలున్నాయని మరొకడు మ్యాపు చూపించాడు. అలా లడాఖ్ తగ్గి తగ్గి మన మన్యంలో మారేడుమిల్లి, అరకుల దగ్గర ఆగింది.

"మన జిల్లా, అల్లూరి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఒకే రోజు పుట్టాయి నాన్నా, ఒకసారి చూసి రావద్దా?" అన్నాడు మావాడు. పుట్టినరోజు కలిసినంత మాత్రాన పెట్రోలు ఖర్చు నామీద ఎలా పడుతుందో వాడు వివరించలేదు.

దారి చెబుతాను, వినండి. రావులపాలెం మీదుగా రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం, అక్కణ్ణించి మారేడుమిల్లి. వెనక్కి రంపచోడవరం దిగి, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు. ఈ పేర్లు వింటే నాకు ముందు గుర్తొచ్చేది వేరే ప్రయాణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: అల్లూరి సీతారామరాజు, ఆయన మనుషులు వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. మా కమిటీ వారికి బండికి కట్టే సైడు బ్యాగులు నల్లవా, ఆకుపచ్చవా అని తేల్చుకోడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనానికి కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నాడు. ఆ కడుపుమంట కూడా తిరుగుబాటుకి ఒక కారణం. ఆ మలుపుల్లో హారన్ కొట్టేముందు ఆ సంగతి తలుచుకోరా అన్నాను. "లిస్టులో రాసుకుంటా" అన్నాడు. పంక్చర్ కిట్టుకి, టార్చిలైటుకి మధ్య నిజంగానే రాసుకున్నాడు.

ఇక రుతువు. వీళ్ళు శరత్తంటున్న ఆశ్వయుజ కార్తీకాలు మాకు తుపాను నెలలు. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ గాలి ఎన్ని ప్రాణాలు, ఎన్ని కొబ్బరితోటలు పట్టుకుపోయిందో నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. పైగా సార్వా కోతలొచ్చే కాలం. చేలో ధాన్యం, ఆకాశంలో మబ్బు, అరుగు మీద కమిటీ.

ఎక్కడం దిగడం అలవాటు కావాలని ఏటిగట్టు ర్యాంపు మీద ప్రాక్టీసు పెట్టారు. వెనక మనిషి బరువుండాలి గనక, నేను అమ్మకానికి ఉంచిన కాయల బస్తా ఒకటి అడగకుండా సీటుకి కట్టారు. మావాడు ఫస్టు గేర్లో గంభీరంగా గట్టెక్కాడు. ఎక్కిన చోట మలుపు తిప్పబోయాడు. తాడు జారి, బస్తా నోరు తెరుచుకుంది. కాయలు ఒకదాని వెనక ఒకటి, ఏమాత్రం తొందర లేకుండా, ర్యాంపంతా దొర్లి పంటకాలవలో పడ్డాయి. అవతల గేదెల్ని కడుగుతున్న ముసలాయన ఒక కాయ పట్టుకుని, "పంపకమాండీ, ఆయ్?" అనడిగాడు. కొండెక్కేవాడు ముందు సామాను కట్టుకోవడం నేర్చుకోవాలని కమిటీ ఆ సాయంత్రం తీర్మానించింది. కాయల నష్టం గురించి తీర్మానంలో లేదు.

వాళ్ళు చెప్పినవాటిలో ఒకటి మాత్రం నాకు నచ్చింది. వంతెన దిగేటప్పుడు ఇంజను ఆపేసి పెట్రోలు మిగుల్చుకోవడం మా తరం పొదుపు. ఘాట్‌లో అలా చేయకూడదట. కింది గేర్లో పెట్టి దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆపేస్తే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అలాగే కొండల్లో బంకు కనిపించిన చోటల్లా ట్యాంకు నింపుకోవాలట. ఇందులో ఎవరి ట్యాంకు ఎవరి డబ్బుతో అన్న ప్రశ్న మళ్ళీ మిగిలింది.

మా ఆవిడ వాళ్ళ పక్షం. "పోనీలెండి, కుర్రాళ్ళు" అంటూనే రెండు షరతులు పెట్టింది. కొత్త బండి గనక ముందు తుని దగ్గర లోవ తలుపులమ్మకి చూపించి పూజ చేయించాలి. వచ్చేటప్పుడు విశాఖ మీదుగా దిగి అన్నవరంలో వ్రతం చేయించుకోవాలి. రత్నగిరీ కొండే, దానికీ ఘాట్ రోడ్డుంది కదా అని ఆవిడ లాజిక్కు. లోవ ఒక దిక్కు, మారేడుమిల్లి ఒక దిక్కు అని కమిటీ మొత్తుకుంది. అమ్మవారికి దిక్కులేంటని ఆవిడ కొట్టిపారేసింది. కార్తీకంలో మా ఇంట నీచు ముట్టరు. కమిటీ కాగితంలో మారేడుమిల్లి ఎదురుగా "బొంగు భోజనం" అని మాత్రం ఉంది. ఆ బొంగులో ఏం పెట్టి కాలుస్తారో ఆవిడ ఇంతవరకూ అడగలేదు. నేనూ చెప్పలేదు, కుటుంబ శాంతి దృష్ట్యా.

చలి సామాను చూస్తే దిగులేస్తుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఎత్తుకి తోడు చలికాలపు మంచు; కొన్నేళ్ళు ఉష్ణోగ్రత సున్నా దగ్గరదాకా దిగుతుంది. దానికోసం కొన్న జాకెట్టు వాడు అమలాపురంలో సరిపోయిందో లేదో చూసుకుంటూ రోజూ వేసుకుని చెమటలో తడుస్తున్నాడు. రుతువు ఎంచుకోవడంలో తప్పు లేదని ఒప్పుకోక తప్పదు. వానలు వెనకబడ్డాక అరకు పొలాల్లో వలిసెపూలు పచ్చగా పరుచుకుంటాయి. కాఫీ పళ్ళు ఎర్రబడతాయి. వంజంగి కొండమీద తెల్లారగట్ట నిలబడితే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. ఇవన్నీ చూడదగ్గవే. చూడ్డానికి ముందు బయల్దేరాలి.

అంచేత మన్యంలో కాపురముండే పెద్దలకి నా విన్నపం. వీళ్ళు ఎప్పటికైనా మీ దారిన వస్తారేమో. రాష్ట్రమంతా ఒకే వరస నంబర్లయిపోయాయి గనక బండిని చూసి ఊరు చెప్పలేరు. ప్రతి మాట చివరా "ఆయ్" వినిపిస్తే మావాళ్ళే. కింది గేర్లో దిగమనండి, చీకటి పడకముందే ఏదో ఒక ఊరు చేరమనండి. ఘాట్‌లో ఫోను సిగ్నలు దొరకదు గనక ఇంకో సంగతి కూడా మీ నోటితోనే చెప్పండి: ఇక్కడ కోతలు మొదలయ్యాయి, ధాన్యం ఆరబోయడానికి మనుషులు కావాలి.