టవర్ మామ

బేతంచెర్లలో ఏ వీధిలో వెతికినా ఒక టవర్ మామ దొరుకుతాడు. పాలిష్ ఫ్యాక్టరీ యజమాని కావచ్చు, రిటైరైన హెడ్‌మాస్టర్ కావచ్చు, బండల లారీలు తిప్పే పెద్దమనిషి కావచ్చు. ఊళ్ళో ఉన్నంతకాలం ఆయన ఎవరో బయటపడదు. ఫోను చొక్కా జేబులో పడి ఉంటుంది, మోగితే "ఎవరప్పా?" అని రెండిళ్ళకు వినబడేట్టు అడిగి, పని కాగానే మళ్ళీ జేబులో వేస్తాడు. ఆయన అసలు రూపం చూడాలంటే సముద్రం దాటించాలి. డోన్‌లో రైలెక్కి, చెన్నైలో విమానమెక్కి, అండమాన్‌లో కాలు పెట్టగానే ఆ నీలాన్నీ పచ్చదనాన్నీ చూడడు. తెర మీద మూలన నిలబడ్డ గీతల్ని చూస్తాడు. హోటల్ వాళ్ళను అడిగే మొదటి ప్రశ్న గదిలోకి నీళ్ళు వస్తాయా అని కాదు, "వైఫై పాస్‌వర్డ్ ఏంది?" అని. రాధానగర్ బీచ్‌లో అత్త మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి "రాండి, అల వస్తాంది" అని పిలుస్తుంటే, ఆయన ఇసుకలో చెయ్యి పైకెత్తి నిలబడి "ఉండే, ఇంకా తిరుగుతాంది" అంటాడు. తిరిగేది తెర మీది సున్న. అల వచ్చి వెనక్కి పోతుంది, సున్న మాత్రం అక్కడే ఉంటుంది.

దీన్ని ఫోను పిచ్చి అని కొట్టిపారేయడం మామూలే. నాకా మాట ఒప్పుదల కాదు. పిచ్చి అయితే ఊళ్ళో కూడా ఉండాలి కదా! ఇదే మనిషి శనివారం మద్దిలేటయ్య గుడికి పోతే టవర్ ఉందో లేదో చూసుకోనైనా చూసుకోడు. యాగంటి కోనేట్లో మునిగేటప్పుడు ఫోను ఎవరి చేతికిచ్చాడో గుర్తుండదు. అక్కడ అక్కర్లేని నెట్టు సముద్రం మధ్య అన్నం కంటే ఎక్కువ ఎందుకైంది? ఆయన పంపేవి ఎవరికి పోతున్నాయో చూస్తే సంగతి తెలుస్తుంది. ఇంటి గ్రూపు, వీధి గ్రూపు, ఫ్యాక్టరీ వాళ్ళ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు. అందరూ కేకేస్తే పలికేంత దూరంలో బతికేవాళ్ళే. వార్తలు చదవడు, సినిమా చూడడు, ప్రపంచంతో ఆయనకేం పని లేదు. రెండు నీలం టిక్కులు పడ్డాయా, పడినాక ఎవరు పలికారు, ఎవరు పలకలేదు, అంతే. "బావమరిది చూసినాడు, పలకలే" అన్న ఒక్క బాధతో స్వరాజ్ ద్వీప్‌లో ఒక సాయంత్రం మొత్తం ఖర్చు చేయగలడు. కాబట్టి నేను చెప్పేదేమంటే, టవర్ మామ అండమాన్‌కు పోయినా ఆయన సెలవులు గడిచేది బేతంచెర్లలోనే. పాత ఫోటో స్టూడియోలో గోడకు వేలాడదీసిన సముద్రం తెర ఎంత పని చేసేదో, ఆ దీవి కూడా ఆయనకు అంతే పని చేస్తుంది.

ఇందులో విడ్డూరమేమంటే, మనిషికి కబురు అందకుండా చేయడమే శిక్షగా పెట్టుకున్న చోటు అండమాన్. 1906 నాటికి కట్టి ముగించిన సెల్యులార్ జైల్లో ఏడు వరసల గదులుంటే, ఒక వరస ముఖం ఇంకో వరస వీపును చూసేట్టు కట్టారు, ఎదుటివాడి కన్ను కూడా కనబడకూడదని. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర ఆ దీవుల్లో శిక్ష అనుభవించి వచ్చినవాడే. తర్వాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ జైలు చూడబోయిన టవర్ మామ గైడును అడిగే ప్రశ్న, "ఏమప్పా, ఈ రూముల్లో సిగ్నల్ రాదా?" గైడు ఏం చెప్తాడు పాపం! ఆ గోడలు కట్టిందే అందుకు.

"అయితే నెట్టు వద్దంటావా?" అని మామ కోప్పడతాడు. వద్దనడం లేదు. మొన్నమొన్నటిదాకా ఆ దీవులకు ఉపగ్రహమే దిక్కు. మాట ముప్పై ఆరు వేల కిలోమీటర్లు పైకెక్కి, అంతే దూరం దిగి రావాలి. "బాగుండావా?" అని అడిగి "బాగుండా" అని వినేలోపు అర సెకను గాలిలోనే పోయేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది. సుమారు 2,300 కిలోమీటర్లు, 1,224 కోట్ల రూపాయలు. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్‌కే కాదు, స్వరాజ్ ద్వీప్‌కు, కార్ నికోబార్‌కు, గ్రేట్ నికోబార్‌కు కూడా అది చేరింది. అక్కడ బడికి, ఆసుపత్రికి, బ్యాంకుకు అదే ఆధారం. 2011 లెక్కల్లో ఆ దీవుల జనంలో నూటికి పదమూడు మంది దాకా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళే. అందులో శ్రీకాకుళం వైపు నుంచి పోయి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. అమ్మ ముఖం చూడాలంటే వాళ్ళకు ఆ తీగ కావాలి. ఆ తీగను తన గుడ్‌మార్నింగ్ బొమ్మ కోసమే సముద్రంలో దించారని మామ నమ్మకం. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

ఆయన రెండో వాదం ఎమర్జెన్సీ. దీవి కదా, ఏమైనా అయితే? సరైన మాటే, సాక్ష్యం కూడా ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చేనాటికి హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం హ్యామ్ రేడియో సరదా మీదే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. మామూలు ఫోన్లు మూగబోతే, సరదాకు తెచ్చుకున్న ఆ రేడియోలతోనే వాళ్ళు కబుర్లు చేరవేశారు. అయితే ఆ రోజు గాలిలో పోయిన మాటలు ఎంత పొట్టివో ఊహించుకోవచ్చు. ఫలానావాళ్ళు క్షేమం, ఫలానా చోట సాయం కావాలి, అంతే. మామ పంపే కొబ్బరి బోండాం వీడియోకు పట్టే నెట్టుతో అలాంటి కబుర్లు ఊరూరికీ పంపొచ్చు. ఇక మూడో వాదం వ్యాపారం. లోడు పోవాలి, కరెంటు పోతే కట్టర్ ఆగుతుంది, నేను లేకుంటే ఎట్లా? దీనికి జవాబు ఫ్యాక్టరీలో గుమాస్తాను అడిగితే చెప్తాడు, కాకపోతే మామ వినేట్టు చెప్పడు.

నాలుగోది ఆయన పైకి చెప్పని వాదం. అసలు బలమున్నది దానికే. డబ్బు పెట్టి పోయినాక నలుగురికీ తెలియకపోతే పోయి లాభమేంది? దీన్ని చూసి నవ్వడం తేలికే కానీ, మన కాశీయాత్రలకు అర్థం ఇదే కదా. పోయినాయన తిరిగొచ్చి, సమారాధన చేసి, కాశీ దారాలు పంచి, అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. చెప్పేకొద్దీ గంగ వెడల్పు పెరిగేది, అడ్డుకునేవాడు లేడు. చూడటానికీ చెప్పటానికీ మధ్య కొన్ని వారాలుండేవి, కథ ముదిరేది ఆ వారాల్లోనే. టవర్ మామ ఆ వారాలను నొక్కి పారేశాడు. ఇప్పుడు చూడకముందే చెప్పేస్తున్నాడు. అల ఎంత ఎత్తో ఫోటోలో ఊరంతా చూసేసింది, దాన్ని పెంచే వీలు లేదు. తిరిగొచ్చి టీ అంగడికి పోతే "చూసినాంలే మామా" అంటారు. ఇంత నష్టం తన చేతులారా తెచ్చుకున్నవాడిని చూస్తే నాకు కోపం కంటే జాలే ఎక్కువ. పైగా ఒక మెచ్చుకోలు కూడా ఉంది. వానకే మొహం వాచిన చోట, మంచం దిగలేని ముసలితల్లికి వీడియోలో "సముద్రం చూడుమా" అని చూపించే కొడుకుల్లో ఈయనే ముందుంటాడు. ఆ ఒక్క కాల్ కలవడానికి ఆయన ఇసుకలో ఎంతసేపు నిలబడ్డా నాకు అభ్యంతరం లేదు.

ఆయన యాత్రలో కథగా మిగిలేది ఒక్కటే, బారాటాంగ్ పోయిన రోజు. జిర్కాటాంగ్ దాటితే జారవాల అడవి. వాహనాలన్నీ వరసగా పోవాలి, ఆ తెగవాళ్ళను ఫోటో తీయడం నేరం. అడవి దాటి, మడ చెట్ల మధ్య పడవలో పోయి, నడిచి చేరితే సున్నపురాతి గుహలు. లోపల ఒక్క గీత కూడా ఉండదు. చేసేదేం లేక మామ తల పైకెత్తి చూస్తాడు. నాపరాయి మధ్య పుట్టి పెరిగినవాడు కాబట్టి గోడను వేలి కణుపుతో తట్టి, దీనికి పాలిష్ పడితే అడుగు ఎంత పలుకుతుందో అత్తకు చెప్తాడు. ఊరికి వచ్చాక టీ అంగడిలో నోరు తెరుచుకుని వినేది ఈ ఒక్క కథనే. వారం తిరిగేసరికి ఆ గుహ బెలుం గుహలకంటే పొడవైపోతుంది. వింటున్న కుర్రవాడెవరో అడుగుతాడు. "మన ఊరి పక్కన బిల్లసర్గం గుహలుండాయి కదా మామా, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర వచ్చి తవ్వించినాడంట. అవి ఎట్లుంటాయి?"

"నేను యాడ చూసినా? అవి యాడికి పోతాయిలే" అంటాడు మామ.