అద్దె మహావాక్యానికి టీకా

మూలము: అద్దె వస్తూ ఉంటుంది, అప్పు అదే తీరుతుంది, ఇల్లు ఊరికే మిగులుతుంది.

అవతారిక: గుడివాడలో రెండు ఫ్లాట్లున్న ఒక పెద్దమనిషి పెళ్లి భోజనం ముగించి, కిళ్లీ బుగ్గన పెట్టుకుని, రిటైరైన లెక్కల మేష్టారికి ఉపదేశించిన వాక్యమిది. మేష్టారి చేతికి గ్రాట్యుటీ అందిందన్న కబురే దీని పుట్టుకకు హేతువు. వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్రతం పట్టాడు. అందులో మొదటి సగమే నాకు సాధ్యం.

ప్రతిపదార్థము: అద్దె, ఇల్లు – స్పష్టం. వస్తూ ఉంటుంది – వ్యాకరణంలో చిన్నయసూరి తద్ధర్మమన్న కోవలోది. సూర్యుడు ఉదయిస్తూ ఉంటాడన్నట్టు. ఫ్యాను తిరగనంతకాలం అద్దె ఇవ్వనని భీష్మించుకున్న వాటావాళ్లను చిన్నయసూరి ఎరగడు.

విశేషము: గుడివాడ పక్కనున్న నందివాడ మండలంలో అద్దె శాస్త్రం ఇళ్లలో పుట్టలేదు, చేపల చెరువుల్లో పుట్టింది. వరిచేను చుట్టూ గట్టు వేసి నీళ్లు పెట్టాక ఆసామి పని అయిపోయినట్టే. ఎకరానికింతని లీజు మాట్లాడుకుని హైదరాబాదులో కూర్చోవచ్చు. చేపపిల్ల, మేత, మందు, కరెంటు, కాపలా అన్నీ లీజుదారువే. పడవ మీద వెళ్లి వెదుళ్లకు మేత సంచులు కట్టేది అతని మనిషే. వాటి చిల్లుల్లోంచి తవుడు జారుతుంటే శీలావతులూ బొచ్చెలూ మూతులు ఆనించి లాగుతుంటాయి. మబ్బు పట్టిన తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేప పైకి తేలిందంటే పరుగెత్తేదీ అతనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఈ మండలం మీద పడ్డప్పుడు గట్లు దాటిపోయిన చేప ఎవరిదో చెప్పనక్కర్లేదు. చెరువుకు సున్నం కొట్టించినా ఆసామి జేబులోంచి పైసా కదలదు. శీలావతి అర్ధరాత్రి ఫోను చేసి గీజరు పనిచేయడం లేదనదు.

ఏ ప్రకరణంలో ఉన్నాం? అద్దె. పై సుఖం మరిగిన ఆసామి లీజు డబ్బు పెట్టి ఫ్లాటు కొని, అదీ చెరువులాంటిదే అనుకుంటాడు. గేటుకు టూలెట్ బోర్డు కడతాడు. దాని కింద ‘శాకాహారులకు మాత్రమే’. చేపల సొమ్ముతో లేచిన గోడలకు చేపల పులుసు వాసన తగలకూడదట! ఏం తినేవాళ్లు దిగాలో, ఏ కులంవాళ్లు దిగాలో తేలేలోపు మూడు నెలలు తాళం పడుతుంది. ఆ మూడు నెలలూ అద్దె ‘వస్తూ’నే ఉంటుంది కాబోలు.

శంక: పదకొండు నెలల అగ్రిమెంటు ఉందిగా?
సమాధానము: ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటే, లోకం పదకొండు నెలలు కనిపెట్టింది. 1999లో మన రాష్ట్రం అందులో పదిహేడో సెక్షన్ సవరించి, లీజు ఏపాటిదైనా రిజిస్టరు కావాల్సిందేనంది. కారణం పోయినా కర్మ పోలేదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికీ పదకొండు నెలలే పెట్టింది. ఏకాదశి మీద మనకంత భక్తి.

అప్పు అదే తీరుతుంది – ఇక్కడ అన్వయక్లేశం. ఫ్లాటు 40 లక్షలనుకుందాం. స్టాంపులూ రిజిస్ట్రేషనూ కలిపి ఏడున్నర శాతం, అంటే 3 లక్షలు, గృహప్రవేశానికి ముందే దక్షిణ. మేష్టారు 10 లక్షలు పెట్టి, మిగతా 30 కొడుకు పేర ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్లకు తెస్తే కిస్తీ నెలకు 26 వేలు. అందులో మొదటి నెల వడ్డీయే 21,250. అద్దె 10 వేలు వేసుకున్నా వడ్డీలో సగానికి రాదు. అసలు జోలికి వెళ్లే ప్రసక్తే లేదు. ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మరమ్మతులకూ వాటికీ పోతుందని ఆదాయపు పన్నువాళ్లే ఒప్పుకుని, ఖర్చు చూపించకపోయినా మినహాయిస్తారు. పన్నువాళ్లకున్న పాటి దయ కిళ్లీ పెద్దమనిషికి లేకపోయింది.

వేళాకోళం అలా ఉంచండి. మేష్టారు ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ నేర్పినవాడు. నోటి లెక్కగా చేసేయగలడు. పందిట్లో ఆయన్ని నోరు తెరవనిచ్చారా? ‘మీకు తెలీదండి మేష్టారూ, ఇదంతా ఇన్వెస్ట్‌మెంటు’ అన్నారు. ఆ గ్రాట్యుటీ బ్యాంకులో ఉంటే ఆయన మందులకన్నా వచ్చేది.

ఊరికే – ఈ పదాన్ని వ్యాఖ్యాతలందరూ దాటవేశారు. నేనూ అంతే.

పాఠాంతరము: కొన్ని ప్రతుల్లో ‘అద్దె’ చోట ‘మావాడి జీతం’ అని ఉంది. అన్వయం అందులో సరిగ్గా కుదురుతోంది.